మీకేమనిపిస్తోంది?

అత్తగారు ఉల్లిపాయలు తరుగుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"పిల్ల ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం కారు మాట్లాడుకుని తనే వస్తుందట. ఇక నన్ను వాళ్ళింట్లోనే ఉండిపొమ్మంటోంది. వెళ్ళనా?"

పిల్ల అంటే ఆవిడ కూతురు, కోడలైన ప్రొఫెసరమ్మకి ఆడపడుచు. ఆ పిల్లకి ఈమధ్యనే మనవడు కూడా పుట్టాడు.

వంటగది గుమ్మంలో టీ కప్పుతో నిలబడ్డ ప్రొఫెసరమ్మకి 'వద్దు, వెళ్ళకండి' అనే మాట గొంతు దాకా వచ్చింది. కానీ ముప్పై ఏళ్ళ అలవాటొకటి ఆ మాటను పక్కకి నెట్టేసి ముందుగా బయటికి దూకింది.

"మీకేమనిపిస్తోంది, అత్తయ్యా?"

అత్తగారి చెయ్యి ఆగింది.

"నాకా? ఈ కత్తికి పదును పోయిందనిపిస్తోంది" అని, మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ఈసారి ముక్కలు ఇంకాస్త లావుగా పడ్డాయి.

ప్రొఫెసరమ్మ టీ తీసుకుని తన గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, నుదురు గోడకేసి మెల్లగా కొట్టుకుంది.

ఆ పాపిష్టి మాట వెనక పెద్ద చదువే ఉంది. మనుషులు యంత్రాలతో ఎలా వేగుతున్నారో చూడటం ఆవిడ వృత్తి. ఒక మనిషిని కంప్యూటర్ ముందో, టికెట్లిచ్చే మిషన్ ముందో కూర్చోబెట్టి, "మనసులో ఏమనుకుంటే అది పైకి అనేస్తూ పని చేసుకోండి" అని చెప్పి, తను వెనకాల కుర్చీలో కూర్చుని వినాలి. సాయం చేయకూడదు. సైగ చేయకూడదు. దగ్గకూడదు కూడా, దగ్గును వాళ్ళు సైగ అనుకుంటారు. ఆ మనిషి చెమటలు కక్కుకుంటూ వెనక్కి తిరిగి "ఇది నొక్కనా అండీ?" అని బతిమాలినా సరే, నొక్కమనీ అనకూడదు, వద్దనీ అనకూడదు. "మీకేమనిపిస్తోంది?" అనాలి, అంతే. మనం నోరు జారామా, అది వాళ్ళ నిర్ణయం కాకుండా పోతుంది, పరీక్ష గంగపాలవుతుంది. ఎన్ని పరీక్షల్లో ఎంతమంది ఆవిడ వంక కసాయివాణ్ణి చూసినట్టు చూశారో! ఆవిడ మాత్రం చలించలేదు. ఈ విద్యలో ఆవిడంత గట్టి పిండం ఇంకొకరు లేరని పేరు.

మొదట్లో లిఫ్టుల మీద పని చేసింది. వెలిగి ఉన్న బటన్నే మనుషులు మళ్ళీ మళ్ళీ ఎందుకు పొడుస్తారన్నది ఆవిడ డాక్టరేట్. తలగడంత పుస్తకం రాసింది. తీరా అందులో తేలింది, వాళ్ళకి లిఫ్టు మీద నమ్మకం లేదని. ఆ తర్వాత ఆసుపత్రుల్లో కుయ్యిమని అరిచే పెట్టెలు, 'నెట్టండి' అని రాసి ఉన్నా జనం లాగే తలుపులు. అలా సాగుతుండగా, యూనివర్సిటీలో ఎండ నుంచి కరెంటు తీసే విభాగం వాళ్ళకి ఒక చిక్కు వచ్చిపడింది. వాళ్ళు ఇళ్ళ మీద సోలార్ పలకలు పరిచారు, బ్యాటరీలు బిగించారు. మిట్టమధ్యాహ్నం కరెంటు ధారగా వస్తుంటే ఇళ్ళల్లో జనం ఖాళీగా కూర్చుంటున్నారు. పొద్దుగూకాక గీజరూ, వాషింగ్ మెషినూ, ఇస్త్రీ పెట్టే అన్నీ కలిపి ఒక్కసారే వేసి బ్యాటరీ ప్రాణం తోడేస్తున్నారు. "మేడమ్, వాళ్ళకి అర్థమయ్యేలా ఒక బటనో బల్బో పెట్టించి పుణ్యం కట్టుకోండి" అని అడిగారు.

ఒక్క బటన్ పెట్టించి వద్దామని వెళ్ళిన మనిషి అక్కడే పాతుకుపోయింది. ఎండ కాసేవేళకీ, మనిషికి పని చేయబుద్ధయ్యేవేళకీ ఎక్కడా పొత్తు కుదరదని తెలిశాక, ఇంతకంటే తమాషా అయిన పని ఇంకేదీ లేదనిపించింది ఆవిడకి. దాంతో సొంత విభాగంలోని కంప్యూటర్ల వాళ్ళకి ఆవిడ 'ఆ ఎండల ఆవిడ' అయిపోయింది. కరెంటు వాళ్ళకి 'ఆ బటన్ల ఆవిడ'గానే మిగిలింది. జీతం ఒకరిస్తే గది ఇంకొకరిచ్చారు. మీటింగుల్లో ఆవిడకని టీ మాత్రం ఎవరూ లెక్కేసి పంపేవాళ్ళు కారు. ఈమధ్య ఆ గది మీద కూడా రెండు విభాగాల హెడ్డులకీ కన్ను పడింది. చేస్తున్న పరీక్ష ఈసారి కూడా తుస్సుమంటే ఖాళీ చేయాల్సిందేనని చెప్పేశారు.

పని సంగతి అలా ఉంచితే, ఇంట్లో కూడా ఆవిడ వెనకాల కుర్చీలోంచి లేవలేకపోవడమే అసలు గొడవ. భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు, "నేను మళ్ళీ ఇంటికొస్తానంటావా?" అని అడిగాడు. అప్పుడూ అదే మాట వచ్చింది నోట్లోంచి. ఆయన నీరసంగా నవ్వి, "నన్ను కూడా పరీక్షలో పెట్టేశావుటే" అన్నాడు. తర్వాత నాలుగు రోజులకే పోయాడు. ఆ నవ్వు ఇప్పటికీ ఆవిడకి స్నానాల గదిలో, బస్సులో, ఎక్కడపడితే అక్కడ ఎదురవుతూ ఉంటుంది.

ఆయన పోయాక అత్తగారు ఇక్కడే ఉండిపోయింది. ఉండమని కోడలు అనలేదు, ఉంటానని అత్తగారూ అనలేదు. పొద్దున్న లేస్తే ఇద్దరూ ఉండేవాళ్ళు, అంతే. కోడలికి వంట రాదని అత్తగారు వండేది. అత్తగారికి మందుల చీటీ చదవడం రాదని కోడలు చదివి పెట్టేది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు విసుక్కుంటూ హాయిగా ఉన్నారు.

ఇప్పుడేమో ఆదివారం వచ్చిపడుతోంది.

గోడకి కొట్టుకున్న నుదురు తడుముకుంటూ ఆవిడ పనిలో పడింది. ఆ పరీక్ష సంగతి ఇది. ఇళ్ళల్లో గోడకి తగిలించే ఒక పెట్టె. ఎండ ఎక్కువగా ఉంటే ఒక మాట, బ్యాటరీ నీరసిస్తే ఒక మాట, పొద్దుగూకాక బరువు పనులు మొదలుపెడితే ఒక మాట పైకి చెబుతుంది. మాటలు చెప్పడానికి అనౌన్సరమ్మ ఒకావిణ్ణి పిలిపించి రికార్డు చేయించారు. తేనెలో ముంచి తీసిన గొంతు. "దయచేసి గమనించండి. ప్రస్తుతం సౌరశక్తి సమృద్ధిగా లభ్యమవుతున్నది" అంటుంది. ఆ 'లభ్యమవుతున్నది' వినే ఓపిక ఎవరికుంటుందని ప్రొఫెసరమ్మకి లోలోపల అనుమానమే. కానీ అది పైకి అంటే పరీక్ష పాడవుతుంది కదా.

ఇళ్ళకి పంపే ముందు, కిందటి వారం ఒక పెట్టెను తమ వంటగదిలోనే తగిలించి, అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టింది.

"మనసులో ఏమనుకుంటే అది పైకి అనేయండి, అత్తయ్యా."

"అలా అంటే నీకు కోపమొస్తుందేమో."

"నన్ను కాదు. దాన్ని."

"ఆఁ, దాన్నయితే సరే" అని అత్తగారు సర్దుకుని కూర్చుంది.

ఆ తర్వాత పెట్టెకి పట్టిన గతి పగవాడికి కూడా వద్దు. ఎండ ఎక్కువైందని అది దీపం మిణుకు మిణుకుమనిపిస్తే, "ఏమిటలా గుడ్లప్పగించి చూస్తావు? పనీపాటా లేదా నీకు?" అంది. బ్యాటరీ తగ్గిందని అది కూస్తే, "ఇప్పుడేగా మింగావు! మళ్ళీ ఆకలేమిటి, నీ కడుపు కాల!" అంది. చీకటి పడ్డాక మిక్సీ వేస్తే అది మళ్ళీ ఏదో చెప్పబోయింది. "పొద్దంతా నిద్రపోయి ఇప్పుడు లేచావా, సిగ్గులేకపోతే సరి!" అని తుడిచే గుడ్డ దాని మీదికి విసిరింది. ప్రొఫెసరమ్మ వెనకాల కుర్చీలో కూర్చుని, నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అదంతా పెట్టె రికార్డు చేసింది. ఏ సందర్భానికి ఏమందో ఆవిడ ముక్కలు ముక్కలుగా కోసి కంప్యూటర్లో దాచుకుంది.

దాచుకోవడంలోనే వచ్చింది తంటా. చదువుకున్న వాళ్ళకి ఒక జబ్బుంటుంది. ఏది రాసినా 'చివరిది' అని పేరు పెడతారు. మర్నాడు మళ్ళీ దిద్ది 'అసలు చివరిది' అంటారు. ప్రొఫెసరమ్మ కంప్యూటర్లో 'గొంతు చివరిది', 'గొంతు అసలు చివరిది', 'గొంతు ఇదే చివరిది' అని మూడు ఉన్నాయి. అత్తగారు అడిగిన 'వెళ్ళనా' చెవుల్లో గింగురుమంటుండగా, ఆవిడ యూనివర్సిటీ గదిలో కూర్చుని పెట్టెలన్నిటిలోకీ వాటిలో ఒకటి ఎక్కించేసింది. ఒకసారి మోగించి వినాల్సింది. కానీ పక్క గదిలోని లెక్చరర్ ఎప్పుడూ చప్పుడవుతోందని సణుగుతాడని సౌండు తీసేసి పని చేసుకోవడం ఆవిడకి అలవాటు. మర్నాడు పొద్దున్నే పెట్టెలు ఇళ్ళకి చేరిపోయాయి.

మొదటి ఫోన్, పెట్టె తగిలించుకున్న ఇళ్ళల్లో ఒక నర్సు నుంచి.

"మేడమ్, మీ పెట్టె మా ఆయన్ని తిట్టింది."

"తిట్టిందా? అలా తిట్టదండీ. ఏమంది?"

"'ఇప్పుడేగా మింగావు, మళ్ళీ ఆకలేమిటి' అంది. ఇంకా కూడా ఏదో అంది, ఫోన్లో చెప్పడం బాగుండదు."

"అయ్యయ్యో! క్షమించండి. అది... వేరే... మీ ఆయన ఏమన్నారు?"

"ఏమంటాడు? దిక్కులు చూశాడు. చూసి గీజర్ ఆపేశాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నేను నెత్తీ నోరూ బాదుకున్నా ఒక్కనాడు ఆపిన మనిషి కాదు. అందుకే ఫోన్ చేశాను. దీని సౌండు పెంచుకోవడం ఎలా?"

ఫోన్ పెట్టేసేలోపు అదే వీధిలో ఉండే దర్జీ చేశాడు. ఆయన గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఇందులో కెమెరా ఉందా అండీ?"

"లేదండీ."

"నిజం చెప్పండి. మధ్యాహ్నం భోంచేసి అలా గోడకి జారగిలబడ్డానో లేదో, 'ఏమిటలా గుడ్లప్పగించి చూస్తావు, పనీపాటా లేదా' అంది. నేను నిజంగానే గుడ్లప్పగించి చూస్తున్నా!"

"అది ఎండ బాగా కాసినప్పుడల్లా అలాగే అంటుందండీ. మీ గురించి కాదు."

"లేదు లేదు. ఆవిడకి తెలుసు" అన్నాడు దర్జీ భయభక్తులతో. "లేచి ఇస్త్రీ అంతా ఎండలోనే లాగించేశాను. సాయంత్రానికి పని లేదు. ఏం చేయాలో తోచక కూరలు తెచ్చాను, నాకు ఒంట్లో బాలేదేమో అనుకుని మా ఆవిడ నా నుదురు పట్టుకు చూసింది."

ఆ సాయంత్రం ప్రొఫెసరమ్మ ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అత్తగారి ముందు నిలబడి జరిగినదంతా ఒప్పుకుంది. అత్తగారు వింటున్నంతసేపూ నోట్లో కొంగు పెట్టుకుంది.

"అంటే, నేను ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఇళ్ళల్లో దూరి వాళ్ళ మొగుళ్ళని తిట్టానా?"

"అవునత్తయ్యా. తప్పు నాదే."

"ఎంతమందిని?"

"ఓ వీధెడు మందిని."

అత్తగారు బాధగా అంది. "ముందే చెప్పొద్దూ? పళ్ళు పెట్టుకుని తిట్టేదాన్ని కదా! నా పళ్ళ సెట్టు ఆ రోజు గ్లాసులో ఉంది. వాళ్ళు ఏమనుకుని ఉంటారు, ఈ బోసినోటిదెవరని!"

అత్తగారి అవమానం అక్కడ ఉంది. ప్రొఫెసరమ్మకి నవ్వొచ్చింది. ఆదివారం గుర్తుకొచ్చి నవ్వు ఆగిపోయింది.

వారం మధ్యలో కరెంటు వాడకం లెక్కలొచ్చాయి. వీధి మొత్తం పనులు మధ్యాహ్నానికి మారిపోయాయి. సాయంత్రం బ్యాటరీలు కాళ్ళు చాపుకుని కూర్చున్నాయి. ఇంతవరకూ అలాంటి గీత కాగితం మీద ఎవరూ చూసి ఎరగరు. ఇద్దరు హెడ్డులూ ఆ గీతను చూసి ఒకేసారి ఆవిడ గదికి వచ్చారు. గదిలో ఉన్నది రెండే కుర్చీలు.

"మేడమ్ మొదట్నుంచీ మా మనిషే" అన్నాడు కంప్యూటర్ల హెడ్డు. "గొంతు, మాట, మనిషి ప్రవర్తన... ఇదంతా మా శాస్త్రం."

"అదేమిటి సార్! బ్యాటరీ మాది, ఎండ మాది" అన్నాడు కరెంటు హెడ్డు.

"ఎండ మీదెప్పటినుంచి అయింది?"

"మీరు మేడమ్‌కి ఒక కుర్చీ కూడా ఇవ్వలేదు. ఇదిగో, మీరు కూర్చున్నది మా కుర్చీ!"

కంప్యూటర్ల హెడ్డు చటుక్కున లేచి నిలబడ్డాడు. "మీరే చెప్పండి మేడమ్, మీరు ఎవరి మనిషి?"

ప్రొఫెసరమ్మ అలవాటుగా అంది. "మీకేమనిపిస్తోంది?"

ఇక వాళ్ళిద్దరూ గంటసేపు దెబ్బలాడుకున్నారు. ఆ మాట పరీక్షల బయట ఆవిడకి పనికొచ్చిన సందర్భం జీవితంలో అదొక్కటే. మొత్తానికి గది నిలిచింది. ఆ రోజు టీ కూడా రెండు వైపుల నుంచీ వచ్చింది.

కానీ ఒకరి గొంతును వాళ్ళని అడక్కుండా ఊరి మీదికి వదలడం తప్పు. ఆ విషయంలో ఆవిడ తన్ను తాను క్షమించుకునే రకం కాదు. పైగా ఆ అత్తగారే ఇక ఆదివారం వెళ్ళిపోతుంటే, ఆ గొంతును వాళ్ళూ వీళ్ళూ వాడుకుంటూ ఉండటం ఆవిడకి ఎందుకో భరించరానిదిగా తోచింది. గురువారం నాడు పెట్టెలన్నిటిలోనూ అనౌన్సరమ్మ తేనె గొంతు పెట్టించేసింది.

శుక్రవారం పొద్దున్నే ఫోన్ల మోత. ఎక్కువమందివి కోపాలే. "ఈ కొత్తావిడెవరండీ, పెళ్ళిచూపులకి వచ్చినట్టు మాట్లాడుతోంది?" అంది నర్సు. అన్నిటికంటే ఆఖర్న ఆ వీధి చివర ఉండే లెక్కల మాస్టారు చేశాడు. ఆయన రిటైరయ్యాడు. భార్య పోయింది. ఇంట్లో ఒక్కడే ఉంటాడు. మొదటినుంచీ ఒక్క ఫిర్యాదు కూడా చేయని మనిషి.

"అమ్మా, ఆవిడేదీ?"

"ఏ ఆవిడండీ?"

"పెట్టెలో ఉండే ఆవిడ. ఈ వచ్చినావిడ మర్యాదస్తురాలే, కాదనను. కానీ ఎవరితో మాట్లాడుతోందో ఆవిడకే తెలియదు. పాతావిడైతే తిట్టినా, నన్నే తిట్టేది. నేను కూడా తిరిగి నాలుగు అనేవాణ్ణి. రోజు గడిచిపోయేది."

"నిజానికి ఆ గొంతు పొరపాటున వెళ్ళిందండీ. అందుకని మార్చాము."

"మార్చారు. నన్నో మాట అడిగారా?"

ప్రొఫెసరమ్మ తడబడింది. "ఇప్పుడు అడుగుతున్నానండీ. మీకేమని..."

"నాకేమనిపిస్తోందో మీకెందుకమ్మా! అనిపించడాలు అయిపోయాయి నాకు. ఆవిణ్ణి పంపించేయొద్దు. ఉండమనండి. ఇంత చిన్న ముక్క చెప్పడానికి ఎవరికైనా ఏం అడ్డం?"

ఫోన్ పెట్టేశాక కూడా ఆవిడ రిసీవర్ చెవికి ఆనించుకునే కూర్చుంది. ఒక పెట్టె కోసం ఒక ముసలాయన తడుముకోకుండా అడిగేశాడు. దర్జీ అడిగాడు, నర్సు అడిగింది. వీధి వీధంతా 'ఆవిణ్ణి ఉండమనండి' అంటోంది. ఆవిడతో ఒకే కప్పు కింద ఉంటున్న మనిషికి మాత్రం నోరు పెగల్లేదు.

శనివారం పొద్దున్నుంచీ ధైర్యం కూడగట్టుకుంటూనే ఉంది. అత్తగారు మంచం మీద చీరలు మడత పెడుతోంది. మూడు సంచులు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ప్రొఫెసరమ్మ గుమ్మంలో నిలబడి, ముందు తేలికైన చోట మొదలుపెడదామని, "అత్తయ్యా, వాళ్ళందరూ మళ్ళీ మీ గొంతే కావాలంటున్నారు. మీకు అభ్యంతరం లేకపోతే ఆ గొంతు ఉంచుకుంటాం" అంది.

అత్తగారు మడత పెడుతున్న చీరను ఒళ్ళో పెట్టుకుంది.

"గొంతు ఉంచుకుంటారా?"

"అవును. మీరు సరేనంటే."

"సరే, గొంతు ఉంచుకోండి. మరి మనిషి సంగతి?" అంది అత్తగారు. ఈసారి తలెత్తి సూటిగా చూస్తూ అడిగింది. "మనిషి వెళ్ళాలా, ఉండాలా?"

ఇంతకంటే తలుపు బార్లా తెరిచి పెట్టేవాళ్ళు ఎవరుంటారు? ప్రొఫెసరమ్మ నోరు తెరిచింది. నాలుక కదిలింది.

"మీకేమనిపిస్తోంది?"

ఆ మాట తన చెవులకే వినపడి కొయ్యబారిపోయింది. వెనక్కి తీసుకునే బటన్ ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

అత్తగారు ఒళ్ళో చీరను పక్కన పడేసింది. తర్వాత, "నాకు నిద్రొస్తోందనిపిస్తోంది. లైటు తీసేయి, ప్రొఫెసరమ్మా" అని గోడవైపు తిరిగి పడుకుంది. బయట ఇంకా ఎండ పెళపెళలాడుతోంది. లైటు అసలు వేసే లేదు.

ఆదివారం ఆడపడుచు సుడిగాలిలా వచ్చింది. వస్తూనే మెట్ల మీద నుంచే కబుర్లు మొదలుపెట్టింది. "వదినా, అమ్మ గదికి రంగులు వేయించాం. మంచం కొత్తది కొన్నాం. దాని మీద మా ఆయన్ని ఒక్క రాత్రి కూడా పడుకోనివ్వలేదు, అమ్మే మొదట పడుకోవాలని. అమ్మా, సర్దేశావా? కిందికి పదండి, డ్రైవర్ హడావిడి చేస్తున్నాడు, బండి అడ్డంగా పెట్టాడు."

కింద నుంచి హారన్ మోగింది. మూడు సంచులూ గుమ్మం దగ్గర వరసగా నిలబడ్డాయి. అత్తగారు మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది, పళ్ళ సెట్టు పెట్టుకుంది, వంటగదిలోకి వెళ్ళి గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసి వచ్చింది.

"పాలు కాచి పెట్టాను. మందులు నావి నేను పట్టుకెళ్తున్నాను, నీ బీపీ మాత్రలు ఫ్రిజ్ మీదున్నాయి. వేసుకోవడం మరిచిపోతావు, మరిచిపోకు" అంది. చెప్పులు వేసుకుంది. "మరి వెళ్తున్నాను."

వస్తాను అనలేదు. ఎప్పుడూ పక్క వీధికి వెళ్ళినా 'వస్తాను' అనే మనిషి.

ఆడపడుచు మొదటి సంచి ఎత్తుకుని రెండు మెట్లు దిగింది.

"వద్దు!"

ప్రొఫెసరమ్మ ఎంత గట్టిగా అరిచిందంటే, పక్క వాటా తలుపు కొంచెం తెరుచుకుంది.

"ఏమైంది వదినా? సంచిలో ఏదైనా పగిలేది ఉందా?"

"సంచి కాదు. వెళ్ళొద్దు. అత్తయ్యా, మీరు వెళ్ళొద్దు. నాకు ఇష్టం లేదు. మీకేమనిపిస్తోందో నాకు అక్కర్లేదు. అంటే, అక్కరుంది, కానీ ముందు నాకేమనిపిస్తోందో చెప్తాను. నాకు... మీరు లేని ఇంట్లోకి తాళం తీసుకుని రావాలంటే నాకు భయం. నేను వండుకోలేను. అది కాదు కారణం. వంటకి ఎవరినైనా పెట్టుకుంటాను. వంట కోసం కాదు. ఆయన కోసం కూడా కాదు. మీరు ఉండాలి, అంతే. నాకు మాట్లాడటం రాదు."

"అదేమిటి వదినా, మంచం కొన్నాక చెప్తున్నావా!" అంది ఆడపడుచు మెట్ల మీద నుంచి.

"నువ్వు ఉండవే" అని కూతురిని కసిరింది అత్తగారు. "ఇన్నేళ్ళకి నోరు తెరిచింది. మధ్యలో అడ్డం రాకు. ఊఁ, ఇంకా ఏమిటి?"

"ఇంకేం లేదు. అయిపోయింది."

"మళ్ళీ చెప్పు."

"వెళ్ళొద్దు."

అత్తగారు గుమ్మంలో ఉన్న పెద్ద సంచి మీదే కూలబడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది, ముక్కు తుడుచుకుంది, తర్వాత వడ్డీతో సహా అందుకుంది. "ఈ ముక్క ఆ రోజే చెప్పి ఏడిస్తే ఏం పోయింది? వారం పొడుగునా చచ్చీ చెడీ చీరలు సర్దాను. నాకు కోడలివా, పరీక్షాధికారివా నువ్వు? వెళ్ళనా అని ఎవరైనా ఎందుకడుగుతారు, వద్దనమని కదా అడుగుతారు! ఆ మాత్రం తెలియకుండా డాక్టరేట్ ఎవరిచ్చారే నీకు?"

"లిఫ్టుల మీద ఇచ్చారు" అంది ప్రొఫెసరమ్మ ఏడుస్తూనే.

పక్క వాటా తలుపు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

కింద హారన్ మళ్ళీ మోగింది. ఆడపడుచు మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆమె మొహం చిన్నబోయింది. "అయితే నేను ఒట్టి చేతులతో వెళ్ళాలా? గోడలకి నీకిష్టమని ఆకుపచ్చ రంగు వేయించానమ్మా."

అత్తగారు ఇటు కోడలి వంక, అటు కూతురి వంక చూసింది. "మంచం కొన్నారు కాబట్టి దాని మీద నెల రోజులు పడుకుని వస్తాను. మునిమనవణ్ణి చూడాలి నేను కూడా."

"నెలా? చాలా ఎక్కువ" అంది ప్రొఫెసరమ్మ. నోరు ఒకసారి తెరుచుకున్నాక ఇక మూతపడటం లేదు. "పదిహేను రోజులు."

"వదినా! మంచం ఖరీదు తెలుసా నీకు?"

"ఇరవై" అంది అత్తగారు. "ఇద్దరూ నోరుమూయండి. ఇరవై రోజులు. దానికి ఇన్ని సంచులెందుకు? చిన్నది చాలు. ఆ పెద్దవి రెండూ లోపల పడేయ్, ప్రొఫెసరమ్మా. వస్తాను."

కూతురి భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. ప్రొఫెసరమ్మ రెండు సంచుల్నీ చెరో చేతికీ తగిలించుకుని లేపబోయింది. అవి కదిలితే ఒట్టు. ఇంట్లో ఉన్న ఇత్తడి సామానంతా ఇందులోనే ఉన్నట్టుంది. కింద కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. వెంటనే అద్దం దించి అత్తగారు వీధంతా వినపడేలా అరిచింది.

"ఈడ్చకు! అడుగు చిరిగిపోతుంది! ఎత్తు!"

ప్రొఫెసరమ్మ నడుం బిగించి ఎత్తింది.